శెనక్కాయ బూజు నుంచి బీఆర్‌సీఏ దాకా: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను క్యాన్సర్ కారకాల మీద పరిశోధన చేస్తానని తిరుపతిలో ఎవరికైనా తెలిస్తే చాలు, మాట అక్కడితో ఆగదు. పెళ్ళి పంక్తిలో పప్పు వడ్డిస్తూ అడుగుతారు, రేణిగుంట స్టేషన్లో రైలు కోసం నిలబడితే అడుగుతారు, మొన్న మా టైలరమ్మ టేపు మెడలో వేసుకునే అడిగింది. ముప్పై ఏళ్ళుగా దాదాపు అవే ప్రశ్నలు, కాకపోతే అప్పట్లో అజినోమోటో, ఇప్పుడు ఎయిర్ ఫ్రయర్. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

మీరు క్యాన్సర్ డాక్టరా?

కాదు. పేరు ముందున్న డాక్టర్ పీహెచ్‌డీది. దయచేసి స్కాన్ రిపోర్టులు వాట్సాప్‌లో పంపకండి, వాటిని చదవడం నాకూ రాదు. జబ్బు వచ్చాక చూసేది వైద్యులు. రాకముందు ఒంట్లో ఏం జరిగింది, ఏది తగిలి ఏ జన్యువు చెడింది, కొందరికి పుట్టుకతోనే ఏం తేడా ఉంది, ఇదీ నా పని.

శాంపిళ్ళ కోసం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మాత్రం రోగులతో మాట్లాడతాను. కీమోతో జుట్టు ఊడినవాళ్ళు వేరే ఊళ్ళలో తలకి గుడ్డ చుట్టుకుని తిరుగుతారు. తిరుపతిలో గుండుని రెండోసారి ఎవరూ చూడరు. "అడిగితే మొక్కు అంటా మేడం, ఇంకో ప్రశ్న వెయ్యరు" అని ఒకావిడ నవ్వుతూ చెప్పింది.

ఈ రంగంలోకి ఎలా వచ్చారు?

శెనక్కాయల వల్ల. నిజంగానే.

మాది చిత్తూరు పక్కన పల్లె, వానాధారం భూమి, శెనక్కాయ తప్ప వేరే పంట తెలియదు. వేసవిలో మా అవ్వ నడవాలో కూర్చుని కాయలు ఒలిపించి మూడు కుప్పలు పెట్టేది. బాగా బొద్దుగా ఉన్నవి విత్తనానికి, మామూలువి అమ్మకానికి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి మూడో కుప్ప, అది గానుగకి. గానుగలో వచ్చిన చెక్క ఆవుకి. ఏదీ పారేసేది కాదు, పారేస్తే లక్ష్మిని తోసేసినట్టే అనేది.

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో ఒక మధ్యాహ్నం క్లాసులో మా సారు 1960 నాటి సంగతి చెప్పారు. ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు కొన్ని నెలల్లో చచ్చిపోయాయి, కారణం తెలియక దాన్ని టర్కీ ఎక్స్ జబ్బు అన్నారు. చివరికి బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకున్న దాణాలోని వేరుశనగ చెక్క అని తేలింది. ఆ చెక్కకి పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఒక విషం తయారు చేస్తుంది, బూజు పేరు మీదుగానే దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ప్రకృతిలో దొరికే క్యాన్సర్ కారకాల్లో అత్యంత బలమైన వాటిలో అదొకటి, గురి పెట్టేది కాలేయం మీద. క్లాసులో అందరూ నోట్సు రాసుకుంటున్నారు, నాకు మాత్రం అవ్వ మూడో కుప్పే కనిపిస్తోంది. పీహెచ్‌డీ దాని మీదే చేశాను. జన్యువుల వైపు వెళ్ళింది చాలా తర్వాత.

ఒక పదార్థం క్యాన్సర్ తెస్తుందని అసలు ఎలా తెలుస్తుంది?

మూడు దారులున్నాయి, మూడూ ఒకేవైపు చూపిస్తేనే మేం గట్టిగా మాట్లాడతాం.

మొదటిది మనుషులని గమనించడం. 1775లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసే పని చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్ళకి వృషణాల సంచి చర్మం మీద క్యాన్సర్ రావడం చూసి, మసి వల్లే అన్నాడు. రెండోది జంతువులు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ళ చెవులకి నెలల తరబడి బొగ్గు తారు పూసి క్యాన్సర్ తెప్పించి చూపించారు. ఆ ఓపిక తల్చుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

మూడోది నా చెయ్యి తిరిగిన పని, ఏమ్స్ టెస్ట్. అమెరికాలో బెర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ 1970ల్లో తయారు చేశాడు. సాల్మొనెల్లా బ్యాక్టీరియాలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకునే జన్యువు చెడిపోయిన రకం తీసుకుంటాం. హిస్టిడిన్ పెట్టకపోతే అది పెరగదు. మనం పరీక్షించే పదార్థం డీఎన్ఏని మార్చగలిగేదైతే, కోట్ల బ్యాక్టీరియాల్లో కొన్నిటికి ఆ చెడిన జన్యువు మళ్ళీ మారి బాగుపడుతుంది, అవి ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా లేస్తాయి. ఎన్ని చుక్కలు లేస్తే అంత అనుమానం. ఇందులో ఎలుక కాలేయం నుంచి తీసిన సారం కూడా కలుపుతాం, ఎందుకంటే చాలా పదార్థాలు వాటంతట అవి ఏమీ చెయ్యవు, వదిలించుకుందామని మన కాలేయమే వాటిని మార్చబోయి విషం చేస్తుంది. అఫ్లాటాక్సిన్ సరిగ్గా అలాంటిదే.

చేసేటప్పుడు ఇలా ఉంటుంది: సన్నటి గొట్టంలో 45 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న అగార్ అనే జెల్లీ, అందులో బ్యాక్టీరియా, పదార్థం, కాలేయ సారం. ఒక్కసారి కలిపి ప్లేటు మీద పోసి, బల్ల మీదే మెల్లగా గుండ్రంగా తిప్పాలి. ఆలస్యమైతే గడ్డకట్టి గుట్టలు గుట్టలుగా ఉంటుంది. 37 డిగ్రీల్లో రెండు రోజులు పెట్టి, ప్లేటు తిరగేసి, వెనక మార్కర్‌తో ఒక్కో కాలనీ మీద చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టాలి. పీహెచ్‌డీలో ఎన్ని వేల చుక్కలు పెట్టానో. మే నెలలో కరెంటు పోతే ఇంక్యుబేటర్ చల్లబడిపోతుందేమోనన్న టెన్షన్, మళ్ళీ వస్తే మరీ వేడెక్కుతుందేమోనని ఇంకో టెన్షన్.

అయితే బ్యాక్టీరియాలో మార్పు వచ్చినంత మాత్రాన మనిషికి క్యాన్సర్ వస్తుందని కాదు. ఈ మాట ఏమ్సే గట్టిగా చెప్పేవాడు. పిల్లల నైట్ డ్రస్సులకి నిప్పంటుకోకుండా పూసే ట్రిస్ అనే రసాయనం మీద అనుమానాన్ని బయటపెట్టిన వాళ్ళలో అతనూ ఉన్నాడు, 1977లో అమెరికా దాన్ని ఆపించింది. తర్వాత అదే మనిషి, కూరగాయల్లో పురుగుల్ని తట్టుకోడానికి మొక్కే తయారు చేసుకునే రసాయనాలు మనం చల్లే మందుల అవశేషాల కన్నా చాలా ఎక్కువ, పరీక్షిస్తే వాటిలోనూ చాలా దొరుకుతాయి, కాబట్టి మోతాదు చూడకుండా గాభరా పడకండి అని వాదించాడు. ఒకప్పుడు మెచ్చుకున్నవాళ్ళకి కోపమొచ్చింది. నాకు మాత్రం అక్కడే అతని మీద గౌరవం పెరిగింది.

పేపర్లో 'గ్రూప్ 1 క్యాన్సర్ కారకం' అని రాస్తారు, అంటే చాలా డేంజరనా?

కాదు, అందరూ పొరబడేది ఇక్కడే. ఫ్రాన్స్‌లో లియాన్ ఊళ్ళో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన ఐఏఆర్‌సీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది, 1965లో పెట్టారు. వాళ్ళు 1, 2ఏ, 2బీ, 3 అని విడగొట్టేది రుజువు ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి, దెబ్బ ఎంత గట్టిదన్నదాన్ని బట్టి కాదు. కోర్టులో దొంగతనం రుజువైంది అన్నట్టు. దొంగిలించింది గుమ్మడికాయా, కిలో బంగారమా అన్నది ఆ తీర్పులో ఉండదు. పొగాకు గ్రూప్ 1, మద్యం గ్రూప్ 1, ఎండ గ్రూప్ 1, 2015 నుంచి సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం కూడా గ్రూప్ 1. అంతమాత్రాన సాసేజ్, సిగరెట్ ఒకటి కావు. కాబట్టి నన్ను "ఇది క్యాన్సర్ తెస్తుందా" అని అడిగితే నేను తిరిగి మూడు అడుగుతాను: ఎంత, ఎన్నేళ్ళు, ఏ దారిన ఒంట్లోకి?

సరే, గబగబా చెప్పండి. కాఫీ?

గ్రూప్ 3, అంటే నిందకి రుజువు చాలదు. హాయిగా తాగండి. కానీ 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా 2ఏ, అంటే బహుశా తెస్తుందని, అన్నవాహిక కాలుతుంది. పొగలు కక్కే టీని గటగటా దించేసే మగధీరులు కాస్త ఆగండి.

సెల్‌ఫోన్? 2011లో 2బీ అన్నారు, అంటే కొంచెం అనుమానం, అంతే. ఫోన్ వల్ల మీకు ముప్పుంటే అది బైకు మీద మాట్లాడుతున్నప్పుడు.

ఆవకాయ? 2బీ జాబితాలో 'ఆసియా సంప్రదాయ ఊరవేసిన కూరగాయలు' అన్న మాట చూసి ఎవరో ఆవకాయ అని ప్రచారం చేశారు. అది చైనా, కొరియా, జపాన్ వైపు పద్ధతుల గురించి. ఆవకాయలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి, అది వేరే సంగతి.

కార్బైడ్‌తో మగ్గబెట్టిన మామిడి? మన జిల్లాకి ఇది ఇంటి ప్రశ్న. కార్బైడ్‌తో కాయలు మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం. ఫ్యాక్టరీల కోసం చేసిన కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం మలినాలు ఉంటాయి, ఆర్సెనిక్ గ్రూప్ 1. ఒక్క పండుతో ఏమీ కాదు. ఆ పొడి పొట్లాలు కాయల మధ్య చేత్తో సర్దే కూలీల గురించి ఎవరూ నన్ను అడగరు, నాకు బెంగంతా వాళ్ళ మీదే. ఇథిలీన్ గదుల్లో మగ్గబెట్టడానికి అనుమతి ఉంది, దానికి భయపడక్కర్లేదు.

లక్ష్మణఫలం తింటే క్యాన్సర్ తగ్గుతుందట? తగ్గదు. ల్యాబ్ ప్లేటులో కణాల్ని చంపేవి వెయ్యి ఉంటాయి, ఫినాయిల్ కూడా చంపుతుంది.

మరి ఆకు వక్క? పొగాకు వేసుకోం కదా.

దీని దగ్గర నేను గబగబా చెప్పి వదలను. పొగాకు లేకపోయినా, ఒట్టి వక్క కూడా గ్రూప్ 1. పోకచెక్కలో ఉండే ఆరెకోలిన్ లాంటివి, సున్నంతో కలిసి, నోటి లోపలి పొరని మెల్లగా నారలాగా గట్టిపరుస్తాయి. మొదట కారం తగిలితే మండుతుంది, తర్వాత నోరు పూర్తిగా తెరుచుకోదు. మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే డెంటిస్టు దగ్గరికి వెళ్ళమని మేం చెప్తాం. అందులో కొందరికి అది క్యాన్సర్ అవుతుంది.

తాంబూలం మనకి ఎంత గౌరవమో నాకు తెలుసు, నా పెళ్ళిలోనూ ఇచ్చారు, పుచ్చుకున్నాను. ఇచ్చిపుచ్చుకోడానికీ, రోజంతా బుగ్గన పెట్టుకోడానికీ తేడా ఉంది. పిల్లలు కొనుక్కునే పైసల ప్యాకెట్ తీపి వక్కపొడి అయితే నాకు గుట్కాకి అన్నలాగే కనిపిస్తుంది.

మా తాత బీడీలు కాల్చి కూడా తొంభై ఏళ్ళు బతికాడు. మీ సైన్స్ ఏమంటుంది?

మీ తాత అదృష్టవంతుడంటుంది. డీఎన్ఏ మీద ప్రతి దెబ్బా సరిగ్గా ప్రమాదకరమైన చోటే పడదు, పడినా చాలావరకు కణం బాగుచేసుకుంటుంది. తొంభై ఏళ్ళ తాత పెళ్ళిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు కాబట్టి కనిపిస్తాడు, యాభై ఐదుకి పోయినాయన గోడ మీద ఫొటోలో ఉంటాడు, ఆయన్ని ఉదాహరణగా ఎవరూ చెప్పరు. లెక్కలు తీసేటప్పుడు మేం ఇద్దర్నీ కలిపి లెక్కపెడతాం, అంతే తేడా.

పొగ ఏ దారిన వెళ్తుందన్నది కూడా ముఖ్యమే. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు, అడ్డపొగ అంటారు. మిగతా ప్రపంచంలో అరుదుగా కనిపించే అంగుడి క్యాన్సర్ అక్కడ ఎందుకు ఎక్కువో వైద్యులు దాన్ని బట్టే తేల్చారు. పొగాకు అదే, నిప్పు వైపు మారేసరికి జబ్బు వచ్చే చోటూ మారింది.

అయితే శెనక్కాయలు మానేయాలా?

అయ్యో, వద్దు. నేను రోజూ తింటాను. బూజు పట్టినవి మానేయండి.

ఈ విషం ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే సగం జాగ్రత్త అదే వస్తుంది. కాయ ఊరే దశలో వానలు మొహం చాటేస్తే, నేల వేడెక్కి, చెట్టు నీరసించి, మట్టిలోని బూజు కాయలోకి దూరుతుంది. రాయలసీమకి ఇది ప్రతి రెండు మూడేళ్ళకి వచ్చే కథే. పెరికేటప్పుడు గునపం తగిలి చీలిన కాయలు ఇంకో దారి. సరిగ్గా ఆరకుండా బస్తాలకెత్తడం మూడోది. గింజలో తేమ 8 శాతం దాకా దిగాలి, చేత్తో ఊపితే కాయలో గింజ గలగలలాడాలి. నాలుగోది చెప్తే మా ఊరివాళ్ళు నా మీద కోప్పడతారు: వేలు నొప్పెట్టకుండా, తూకం కలిసొచ్చేలా కాయల మీద నీళ్ళు చల్లి ఒలవడం. ఆ తడే బూజుకి విందు.

వేయించితే పోతుందా అని అడుగుతారు. కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉడికించినా అంతే. అందుకని చేయగలిగింది ఏరడం. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు మచ్చ ఉన్నవి తీసేయండి, నోట్లో చేదు తగిలితే మొహమాటపడకుండా ఉమ్మేయండి. పైకి బాగున్న గింజలోనూ ఉండొచ్చు కానీ ఎక్కువ భాగం ఆ ఏరేసిన వాటిలోనే ఉంటుంది.

మన దేశంలో నేరుగా తినే గింజలకి కిలోకి 10 మైక్రోగ్రాములు, ఇంకా ప్రాసెస్ చేయాల్సిన వాటికి 15 దాటకూడదు. యూరప్‌లో నేరుగా తినేవాటికి 4. పదిహేను మైక్రోగ్రాములంటే వంద కోట్ల పాళ్ళలో పదిహేను పాళ్ళు. ఎగుమతి సరుకు వెనక్కి వచ్చేది ఈ అంకెల దగ్గరే. వెనక్కి వచ్చింది ఎక్కడికి పోతుంది అని మాత్రం అడక్కండి, నాకు రాత్రి నిద్ర పట్టదు.

ఇంకో ముఖ్యమైన మాట. హెపటైటిస్ బీ వైరస్ ఉన్నవాళ్ళకి ఈ విషం తోడైతే ముప్పు కూడిక కాదు, హెచ్చవేత. పిల్ల పుట్టిన 24 గంటల్లో వేసే ఆ టీకా కాలేయ క్యాన్సర్ టీకా కూడా. దాన్ని వాయిదా వేయకండి.

గానుగ నూనె మంచిదని అందరూ అంటున్నారు, మీరేంటి మొహం అలా పెట్టారు?

గానుగ మీద నాకేం పగ లేదు, ఆ వాసనతో చేసిన పులిహోర ముందు రిఫైండ్ నూనె ఎందుకూ పనికిరాదు. కానీ చెప్పాను కదా, మూడో కుప్ప గానుగకి వెళ్ళేది. ఆడించినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది, కొంత నూనెలోకి దిగుతుంది. రిఫైన్ చేసేటప్పుడు అది పోతుంది, గానుగ నూనెని రిఫైన్ చెయ్యరు. కాబట్టి కట్టె గానుగా, ఎద్దు గానుగా, ఇనుప గానుగా అన్నది కాదు, లోపల పోసింది ఏ గింజ అన్నది చూడండి. తెలిసినవాళ్ళ దగ్గర మంచి గింజలు కొని, ఏరి, దగ్గరుండి ఆడించుకుంటే అంతకన్నా మంచిది లేదు.

ఆ చెక్క ఆవు తింటే? బీ1 అనే అఫ్లాటాక్సిన్ ఆవు కాలేయంలో మారి ఎం1గా పాలలోకి వస్తుంది. ఎం అంటే మిల్కే. పాలు కాచినా పోదు. ఇంత పాడి ఉన్న జిల్లాలో బూజు చెక్క ఆవుకి పెట్టడమంటే తిరిగి తిరిగి మన గ్లాసులోకే పోసుకోవడం.

క్యాన్సర్ దేనివల్ల వచ్చిందో వచ్చాక చెప్పగలరా?

ఎక్కువసార్లు చెప్పలేం. కొన్నిసార్లు వేలిముద్ర దొరుకుతుంది. పీ53 అని ఒక జన్యువుంది, చెడిన కణాన్ని ఆపే కాపలాదారు. అఫ్లాటాక్సిన్ ఎక్కువగా తినే ప్రాంతాల కాలేయ క్యాన్సర్లలో అందులో 249వ స్థానంలోనే, ఒకే అక్షరం, జీ బదులు టీ అయిపోవడం 1991లో చైనా, ఆఫ్రికా రోగుల్లో చూశారు. అది చదివినరోజు నేను మెస్‌కి వెళ్ళడం మర్చిపోయాను. ఎక్కడో బస్తాలో పుట్టిన బూజు మనిషి డీఎన్ఏలో ఫలానా అక్షరం దగ్గర సంతకం పెట్టి పోయిందంటే మాటలా? నేను జన్యువుల వైపు మళ్ళింది అందుకే.

మా ఇంట్లో ఇద్దరికి క్యాన్సర్ వచ్చింది. వంశపారంపర్యమా?

చాలావరకు కాదు. మొత్తం క్యాన్సర్లలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఒకే బలమైన జన్యులోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతం. పెద్ద కుటుంబంలో, వయసు మీద పడ్డాక, ఇద్దరికి రెండు వేరు వేరు చోట్ల రావడం మామూలే. నేను చెవులు రిక్కించేది ఇలాంటప్పుడు: యాభై లోపే రొమ్ము క్యాన్సర్, రెండు వైపులా రావడం, రొమ్ము, అండాశయం ఒకే ఇంట్లో కనిపించడం, మగవాడికి రొమ్ము క్యాన్సర్, ఒకే వైపు బంధువుల్లో వరసగా చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్.

వంశంలో ఇలా ఎందుకు వస్తుందో 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే ఆయన పిల్లల కంటి క్యాన్సర్ లెక్కలతో తేల్చాడు. కాపలా జన్యువు మనకి రెండు కాపీలు ఉంటుంది, సైకిల్‌కి ముందు బ్రేకు, వెనక బ్రేకులాగా. అందరికీ రెండూ పోతేనే ప్రమాదం. కొందరు ఒక బ్రేకు తెగిపోయిన సైకిల్‌తోనే పుడతారు, కాబట్టి వాళ్ళకి తొందరగా, తరచుగా వస్తుంది. సందర్భం వచ్చింది కాబట్టి: ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో పిల్లవాడి ఒక కన్ను మాత్రం తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కి చూపించండి.

రొమ్ము క్యాన్సర్ విషయానికొస్తే, మన దేశంలో దానికీ వంశానికీ సంబంధం ఉందని ముందుగా అన్నవాళ్ళలో ముంబయిలో పని చేసిన కమల్ రణదివే ఒకరు. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ చెడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే ఒక జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉండే చోటు చూపించింది, దాని పేరే బీఆర్‌సీఏ1. అందులో లోపం ఉన్న ఆడవాళ్ళలో జీవితకాలంలో సగం మందికి పైగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అందరికీ కాదు, ఈ రెండో ముక్క ఎవరూ వినరు.

కుటుంబ వృక్షం గీయడమే ఇందులో అసలు కష్టం. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా, జబ్బు వచ్చినవాళ్ళకి నలుపు. పలమనేరు వైపు నుంచి ఒకామె వచ్చింది, "మా వైపు ఎవరికీ లేదు మేడం" అంది. అమ్మ వైపంతా అడిగాం, తెల్ల సున్నాలే. తండ్రి వైపు అడిగితే, "మేనత్త కడుపు నీరుపట్టి పోయింది, నలభై రెండు." ఇంకో మేనత్త? "రొమ్ములో గడ్డ, నాటుమందు వేయించారు." మా కాగితం మీద రెండు నల్ల సున్నాలు పడ్డాయి, ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. బీఆర్‌సీఏ లోపం తండ్రి వైపు నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. మనవాళ్ళు క్యాన్సర్ అన్న మాట నోట రానివ్వరు, 'గడ్డ', 'గర్భసంచి ఆపరేషన్' అంటారు, అందుకే మేం పేరు అడగం, ఏ వయసులో, ఏ భాగం తీసేశారు, అండాశయం క్యాన్సర్‌లో లాగా కడుపు ఉబ్బిందా అని అడుగుతాం.

మాది మేనరికం. పిల్లలకి క్యాన్సర్ వస్తుందా?

బీఆర్‌సీఏ లాంటి వాటికి ఒక చెడిన కాపీ చాలు, మేనరికం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. రెండు కాపీలూ చెడితేనే వచ్చే అరుదైన జబ్బులు కొన్ని ఉన్నాయి, ఫాంకోని అనీమియా, జీరోడెర్మా పిగ్మెంటోజమ్ లాంటివి, వాటితో చిన్నతనంలోనే క్యాన్సర్ రావచ్చు. దగ్గర రక్తసంబంధంలో వాటి అవకాశం పెరుగుతుంది. ఇంట్లో అలాంటి బిడ్డ ఇప్పటికే ఉంటే పెళ్ళికి ముందే జెనెటిక్ కౌన్సిలర్‌ని కలవండి. అయిపోయిన పెళ్ళి గురించి అత్తామామల్ని తిట్టుకుని లాభం లేదు.

జన్యు పరీక్ష అందరూ చేయించుకోవచ్చా? ఆన్‌లైన్‌లో లాలాజలం కిట్ దొరుకుతోంది.

చేయించుకోవచ్చు, అక్కర్లేదు. పరీక్ష మొదట జబ్బు వచ్చినవాళ్ళకి చెయ్యాలి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కాదు. వాళ్ళలో లోపం దొరికితే అప్పుడు చెల్లెళ్ళకీ కూతుళ్ళకీ ఆ ఒక్క చోటే చూస్తే సరిపోతుంది. వరస తిరగేస్తే డబ్బు దండగ, పైగా 'ఏమీ లేదు' అన్న తప్పుడు ధైర్యం. ఆ కిట్లలో చాలావరకు లక్షల అక్షరాల్లో అక్కడక్కడా కొన్నే చూస్తాయి.

ఇంకో తలనొప్పి, 'అర్థం తెలియని మార్పు' అని వచ్చే రిపోర్టు. అక్షరం మారింది, అది హానికరమా, ఒట్టి తేడానా తెలియదు. పోల్చి చూసే డేటా ఎక్కువగా యూరప్ మూలాల వాళ్ళది కాబట్టి మనవాళ్ళకి ఇవి ఎక్కువ వస్తాయి. జీనోమ్ ఇండియా కింద దాదాపు 10,000 మంది మనవాళ్ళ జన్యుక్రమం చదివారు, మెల్లగా ఇది తగ్గుతుంది. అలాంటి రిపోర్టు పట్టుకుని ఆపరేషన్‌కి మాత్రం వెళ్ళకండి.

పరీక్ష సంగతి బయటికి తెలిస్తే అమ్మాయికి పెళ్ళి అవుతుందా?

అన్నిటికన్నా ఎక్కువగా గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. సమాధానం నా దగ్గర లేదు, ల్యాబ్‌లో దొరికేది కాదు. ఫలితం ఆ అమ్మాయిది, ఆమె పెద్దదయ్యాక, ఆమె అడిగితేనే చెప్పాలి, తండ్రి చేతికి కూడా ఇవ్వకూడదు అన్నది నా పద్ధతి. దీని మీద కొందరు పెదనాన్నలతో నాకు మాటా మాటా వచ్చింది.

ఇన్నేళ్ళలో మీరు ఏం కనిపెట్టారు?

మా అబ్బాయి కూడా ఇదే అడుగుతాడు. గొప్పవేం లేవు. శాంపిల్ ఎలా తీయాలన్న దాని మీదే నా సగం జీవితం పోయింది. వెయ్యి గింజల్లో ఒక్కదాంట్లోనే విషమంతా ఉండొచ్చు, బస్తా పై నుంచి పిడికెడు తీస్తే అది తగలదు, తగిలితే బస్తా మొత్తం విషమనిపిస్తుంది. అందుకని పైన, మధ్య, అడుగు నుంచి కిలోల లెక్కన తీసి, మొత్తం పొడి కొట్టి, అందులోంచి చూడాలి. చీకటి గదిలో అతినీల కాంతి కింద పెడితే అఫ్లాటాక్సిన్ బీ రకం నీలంగా, జీ రకం ఆకుపచ్చగా మెరుస్తాయి, బ్లూ, గ్రీన్ అన్న మాటల్లోంచే ఆ పేర్లు.

పోయినవి కూడా చెప్పాలి. ఒకప్పుడు నేను పనిచేసిన చోట మైనస్ 80 ఫ్రీజర్ శుక్రవారం రాత్రి ఆగిపోయింది. అలారం రెండు నెలలుగా పని చేయడం లేదు, బాగు చేయమని రాసిన మూడు కాగితాలు ఎవరి బల్ల మీదో ఉన్నాయి. సోమవారం తలుపు తీస్తే రెండేళ్ళు ఊరూరా తిరిగి తెచ్చిన రక్తం శాంపిళ్ళన్నీ గోరువెచ్చగా ఉన్నాయి. ఇచ్చినవాళ్ళలో కొందరు అప్పటికే పోయారు, మళ్ళీ వెళ్ళి అడగడానికి లేదు.

ఆ విషాలతో పనిచేస్తూ మీకు భయం లేదా?

ఉంది, ఉండాలి కూడా. అఫ్లాటాక్సిన్ పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపి, రెండు జతల గ్లౌజులు వేసుకుంటాం, పని అయ్యాక బల్లంతా బ్లీచింగ్ ద్రావణంతో తుడుస్తాం, అది ఆ విషాన్ని విరిచేస్తుంది. మా ల్యాబ్‌లో టిఫిన్ డబ్బా తెచ్చిన కుర్రాడిని నేను తిట్టిన తిట్లు ఇంకా చెప్పుకుంటారట.

మా అమ్మాయి ఈ రంగంలోకి రావాలంటే?

ఇంటర్ తర్వాత తిరుపతి ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థలో బీఎస్-ఎంఎస్ ఒక దారి, లేదా బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ కొట్టడం ఇంకో దారి. ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె వేరే. పీహెచ్‌డీకి అయిదారేళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్ ఇల్లు కొన్న రోజున మీ అమ్మాయి హాస్టల్ గదిలో ప్లేట్లు లెక్కపెడుతుంటుంది, ఇది ముందే చెప్పండి. స్టాటిస్టిక్స్ బాగా నేర్పించండి, మాలో చాలామంది తప్పులు చేసేది అక్కడే.

మీరు జన్యు పరీక్ష చేయించుకున్నారా?

మా పిన్నికి నలభై ఒకటో ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, బాగైంది కూడా. పైన రాసిన వరస ప్రకారం ముందు ఆమెకే చేయించాం. వచ్చింది ఏంటంటే, బీఆర్‌సీఏ1 లాంటిదే అయిన బీఆర్‌సీఏ2 జన్యువులో అర్థం తెలియని మార్పు. ఇతరులకి 'దీన్ని పట్టుకుని కంగారు పడకండి' అని చెప్పే నేను ఆ కాగితాన్ని నాలుగేళ్ళు బీరువాలో పెట్టుకుని నెలకోసారి తీసి చూసుకున్నాను. నాకు చేయించుకోలేదు, చేయించుకున్నా అర్థం తెలియదు కాబట్టి.

పోయిన ఏడాది ల్యాబ్ వాళ్ళు దాన్ని హాని లేనిదిగా మార్చామని మెయిల్ పంపారు. ఊరికి వెళ్ళి పిన్నికి చెప్పాను. చాటలో గింజలు ఏరుతోంది. "అయితే అప్పుడు పోయిన డబ్బులు వెనక్కి ఇస్తారంటనా?" అని అడిగి, నల్లటి గింజ ఒకటి తీసి, నా వైపు చూసి, పక్కనున్న డబ్బాలో వెయ్యకుండా పెరట్లోకి విసిరేసింది.